తొలినాటి అమెరికా పల్లె వైద్యుని చేతిరాత పద్దుల పుస్తకాన్ని చదివి నకలు తీయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో చరిత్ర చదువుతున్న మన విద్యార్థులు, అక్కడి ఊరి చరిత్ర సంఘాలకు సాయపడుతున్న తెలుగు వైద్యులు, ఇంటి నుంచే అంతర్జాలంలో పాత రాతల నకళ్లు తీస్తున్నవారు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. రెండు వందల ఏళ్ల నాటి పల్లె వైద్యుని పుస్తకంలోని పుట ఎదురుగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టి, ఏ వరుసలో ముందుకు పోవాలన్నదే ఆ ప్రశ్న. ఈ మార్గదర్శి సుమారు 1750 నుంచి 1850 వరకు న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, మెయిన్ వంటివి ఉన్న ఈశాన్య భాగం), న్యూయార్క్, పెన్సిల్వేనియా వంటి ప్రాంతాల్లో రాసిన పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని రాసినది.

ఒక్క మాట ముందే గట్టిగా చెప్పాలి. ఇది వైద్యుడు రాసిన పుస్తకమే అయినా, నూటికి తొంభై పాళ్లు బాకీల పుస్తకమే. ఎవరికి ఏ జబ్బు చేసిందో రాసుకోవడానికి కాక, ఎవరు ఎంత ఇవ్వాలో మరచిపోకుండా ఉండటానికి ఆయన దీన్ని రాశాడు. కాబట్టి దీన్ని ముందు లెక్కల పుస్తకంగా చదవాలి, ఆ తర్వాతే వైద్య పుస్తకంగా చదవాలి. ఈ వరుస తలకిందులైతే మిగిలిన పనంతా తప్పుదారి పడుతుంది.

## 1. చేతిలో ఉన్నది ఏ రకం పుస్తకమో తేల్చుకోండి

పద్దులు తేదీల వరుసలో, రోజుకు నలుగురైదుగురు మనుషుల పేర్లతో సాగుతుంటే అది రోజువారీ చిట్టా. ఒక్కో మనిషి పేరు మీద ఒక్కో పుట ఉండి, ఎడమ పుటలో బాకీలు, కుడి పుటలో చెల్లింపులు ఉంటే అది ఆవర్జా. రోగ లక్షణాలు, మందు మార్పులు, ఫలితం వరుసగా రాసి ఉంటే అది రోగుల వృత్తాంతాల పుస్తకం. ఈ మూడో రకం పల్లె వైద్యుల దగ్గర అరుదు.

ఆవర్జాల్లో ఎదురెదురుగా ఉన్న రెండు పుటలకూ కలిపి ఒకే సంఖ్య ఉండటం మామూలే. దాన్ని చూసి పుటలు పోయాయని కంగారు పడకండి. చిట్టా పద్దు పక్కన ఎడమ అంచున చిన్న అంకె కనిపిస్తే, ఆ పద్దును ఆవర్జాలో ఫలానా పుటకు ఎక్కించినట్లు లెక్క.

కాగితం ఖరీదైన రోజులవి కాబట్టి, పుస్తకాన్ని వెనుక నుంచి తిరగేసి కూడా చూడండి. ముందు వైపు బాకీలు, తలకిందులుగా వెనుక వైపు నుంచి మందుల తయారీ, పశువులకు చేసిన వైద్యం, పొలం కూలీల లెక్క ఉండవచ్చు.

## 2. అసలు పుస్తకాన్ని తాకే ముందు

ఫొటోల మీదే పని చేస్తున్నవారు ఈ భాగాన్ని దాటవేయవచ్చు.

ఆ కాలపు సిరా ఎక్కువగా మాచికాయలు, ఇనుప లవణం కలిపి కాచినది. కాలం గడిచే కొద్దీ అది గోధుమ రంగుకు తిరిగి, గాఢంగా రాసిన చోట కాగితాన్ని తినేస్తుంది. అక్షరం చుట్టూ గోధుమ రంగు నీడ కనిపిస్తే ఆ పుటను వంచకూడదు.

- చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరనివ్వండి. మామూలు కాగితానికి చేతి తొడుగులు అవసరం లేదు, వాటితో పుట అంచు తెలియక చిరిగే ప్రమాదం ఎక్కువ.
- పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా చదునుగా పరిచినట్లు విప్పకండి. రెండు వైపులా మెత్తని దిమ్మెలు పెట్టి, అది తనంతట తాను తెరుచుకునేంత మేరకే తెరవండి.
- దగ్గర పెన్సిలు తప్ప మరో రాత సాధనం ఉంచుకోకండి.
- తోలు అట్ట ఎర్రని పొడిగా రాలుతుంటే దాన్ని తుడవకుండా, పలుచని కాగితంలో చుట్టి ఉంచండి.
- పుటల మధ్య దొరికిన చీటీలను ఏ పుట దగ్గర దొరికితే అక్కడే ఫొటో తీసి, ఆ స్థానం రాసుకోండి.

మూసి ఉన్న కవరు గానీ పొట్లం గానీ దొరికితే మాత్రం విప్పవద్దు. 2003లో న్యూమెక్సికో రాష్ట్రంలోని శాంటా ఫే నగరంలో, అమెరికా అంతర్యుద్ధ కాలపు వైద్యానికి సంబంధించిన ఒక పాత పుస్తకంలో మశూచి టీకా పొక్కుల చెక్కులున్న కవరు బయటపడి, చివరకు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం దాకా వెళ్లింది. పాత మందు పొట్లాల్లో పాదరసం, నల్లమందు ఉండే అవకాశమూ లేకపోలేదు. విషయాన్ని గ్రంథాలయ అధికారికి చెప్పి, ఆయన చూసుకునే దాకా ఆ పుట దగ్గరే ఆగిపోండి.

## 3. ఫొటోలు తీయడం

అట్టలు, ఖాళీ పుటలు, చీటీల రెండు వైపులు సహా ప్రతిదీ వరుస తప్పకుండా తీయండి. ఖాళీ పుటను వదిలేస్తే తర్వాత వరుస సరిచూసుకోవడం కష్టమవుతుంది. ఫ్లాష్ వాడకండి.

ఫొటోలు రంగుల్లోనే తీయాలి. వెలిసిన గోధుమ సిరా నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, ఫొటో సవరించే సాఫ్ట్‌వేర్‌లో నీలి చానల్‌ను మాత్రమే విడిగా చూస్తే కంటికి ఆనని అక్షరాలు చాలావరకు తేలతాయి. నలుపు తెలుపులో తీసిన ఫొటోతో ఈ సౌకర్యం పోతుంది.

## 4. రాసిన చెయ్యికి అలవాటు పడటం

మొదటి రోజే నకలు మొదలుపెట్టకండి. పదిపదిహేను పుటలు ఊరికే చదివి, ఆ వైద్యుని అక్షరమాలను ఒక కాగితం మీద తయారు చేసుకోండి. నెలల పేర్లు, వారాల పేర్లు, పదే పదే వచ్చే ఇంటిపేర్లు ఇందుకు మంచి ఆధారం, ఎందుకంటే ఆ మాట ఏదో మీకు ముందే తెలుసు. అందులోని ఒక్కో అక్షరాన్ని కత్తిరించినట్లు తీసి పట్టికలో పెట్టుకోవచ్చు.

తెలుగువారిని ఎక్కువగా తికమక పెట్టేవి ఇవి.

- పొడుగు ఎస్: చూడటానికి ఎఫ్‌లా ఉంటుంది. రెండు ఎస్‌లు పక్కపక్కన వచ్చినప్పుడు మొదటిదాన్ని ఇలా రాయడం చేతిరాతలో 19వ శతాబ్దం మధ్య దాకా సాగింది.
- వై, ఇ అక్షరాలు కలిపి, రెండోది కాస్త పైకి రాసి ఉంటే అది మామూలు 'ద' అనే ఆంగ్ల పదమే.
- పేర్ల కుదింపు: మొదటి అక్షరం పెద్దగా, చివరి అక్షరం పైన చిన్నగా రాస్తారు. డబ్ల్యూ పక్కన పైన ఎం ఉంటే విలియం. జె, ఎన్, ఓ కలిపి ఉంటే జాన్.
- డి పక్కన పైన ఓ ఉంటే 'పైన చెప్పినదే' అని. ఇది మనిషి పేరు కింద ఉందా, మందు కింద ఉందా అన్నది చూసుకోవాలి.
- పెద్ద ఐ, పెద్ద జె ఒకేలా ఉంటాయి. పెద్ద ఎల్, పెద్ద ఎస్ కూడా అంతే.

చేతిరాత సాధనకు మెయిన్ ప్రాంతంలోని హాలోవెల్ ఊరి మంత్రసాని మార్తా బల్లార్డ్ 1785 నుంచి 1812 దాకా రాసిన డైరీ బాగా పనికొస్తుంది. దాని పుటల బొమ్మలు, అచ్చు అక్షరాల నకలు రెండూ అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. ముందు బొమ్మను మీరే చదివి, తర్వాత నకలుతో పోల్చుకుంటే కన్ను త్వరగా పదునెక్కుతుంది.

## 5. నకలు తీసే పద్ధతి

నకలు, వ్యాఖ్య రెండూ వేర్వేరు పనులు. వాటిని కలపకూడదు. వైద్యుడు ఏ స్పెల్లింగు రాస్తే అదే, ఏ వరుసలో రాస్తే అదే ఎక్కించాలి. తప్పు స్పెల్లింగులు దిద్దడం సాయం కాదు, ఎందుకంటే ఆయన ఒక పేరును ఎలా పలికాడో ఆ తప్పే చెబుతుంది.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పద్దుకు ఒక వరుస కేటాయించి, ఈ గడులు పెట్టుకోండి.

- ఫొటో సంఖ్య, పుట సంఖ్య, పుటలో ఎన్నో వరుస
- తేదీ ఉన్నది ఉన్నట్లు, పక్కన నేటి పద్ధతిలో
- ఖాతాదారు పేరు
- రోగి ఎవరు
- పద్దు పాఠం ఉన్నది ఉన్నట్లు
- సొమ్ము ఉన్నది ఉన్నట్లు, పక్కన మొత్తం పెన్నీల్లో
- చెల్లింపు, అది ఏ రూపంలో జరిగింది
- కొట్టివేత, సంతకం, అంచు గుర్తులు
- మీ వ్యాఖ్య

కుదింపును విప్పి రాసిన భాగాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి. అనుమానం ఉంటే ప్రశ్నార్థకం పెట్టండి. అసలు చదవలేకపోతే 'చదవలేకపోయాను' అని రాయండి తప్ప ఊహించి పూరించకండి. పాఠం ఆంగ్లంలోనే ఉండాలి. మీ వ్యాఖ్య తెలుగులో రాసుకున్నా ఇబ్బంది లేదు.

చేతిరాత గుర్తించే ట్రాన్స్‌క్రిబస్ వంటి సాధనాలతో మొదటి చిత్తుప్రతి తీయవచ్చు. అవి మాటలను ఓ మోస్తరుగా చదివినా, అంకెల దగ్గర, మందుల కుదింపుల దగ్గర నమ్మదగినవి కావు. మన పుస్తకంలో ఉన్నవేమో ముఖ్యంగా ఆ రెండే.

## 6. తేదీలు

1752కు ముందు బ్రిటిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఫిబ్రవరి తేదీల దగ్గర 1731/2 అని జంట సంవత్సరం కనిపిస్తుంది. 1752 సెప్టెంబరులో 2 తర్వాత నేరుగా 14 వచ్చింది, మధ్య తేదీలు లేకపోవడం వైద్యుని లోపం కాదు.

7 అంకె పక్కన బి, ఇ, ఆర్ అక్షరాలుంటే అది సెప్టెంబరు, జులై కాదు. 8 అయితే అక్టోబరు, 9 అయితే నవంబరు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు నెలలకు పేర్లు రాయక సంఖ్యలే రాసేవారు, వారి మొదటి నెల 1752కు ముందు మార్చి.

తేదీలు చిరిగిపోయిన పుస్తకాన్ని లోపలి విషయాన్ని బట్టి కొంతవరకు తేల్చవచ్చు. గోమశూచి టీకా (మశూచి రాకుండా వేసేది) పద్దు ఉంటే అది 1800లోది లేదా ఆ తర్వాతిది, బోస్టన్ ప్రాంతంలో బెంజమిన్ వాటర్‌హౌస్ ఆ టీకా మొదలుపెట్టింది ఆ ఏడే. క్వినైన్ పేరు కనిపిస్తే 1820 తర్వాతిది. ఈథర్‌తో మత్తు ఇచ్చినట్లుంటే 1846కు ముందుది కావడం దాదాపు అసాధ్యం.

## 7. డబ్బు లెక్క: ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు

ఇక్కడ తొందర పనికిరాదు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. 1957 దాకా మన పెద్దలు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైల చొప్పున లెక్కపెట్టుకున్నట్లే ఇదీ మూడు అంతస్తుల లెక్క. మూడు అంకెలు గీతలతో విడదీసి ఉంటే అవి వరుసగా పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు.

డాలరు చట్టం 1792లో వచ్చినా, పల్లె పుస్తకాల్లో షిల్లింగు చాలా ఏళ్లు నిలిచింది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, షిల్లింగు విలువ అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటి కాదు.

- న్యూ ఇంగ్లండ్, వర్జీనియా: డాలరుకు 6 షిల్లింగులు
- న్యూయార్క్, నార్త్ కరోలినా: డాలరుకు 8 షిల్లింగులు
- పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, డెలావేర్, మేరీలాండ్: డాలరుకు 7 షిల్లింగుల 6 పెన్నీలు

ఒక నమూనా పద్దు చూద్దాం. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, ఆ కాలపు తీరును చూపడానికి కూర్చినది. ఒక రైతు ఖాతా కింద 'మార్చి 4, టు విజిట్ సన్, ఎమెట్., కేత్., 0-4-6' అని ఉందనుకోండి. కొడుకును చూడటానికి వెళ్లి, వాంతి మందు, విరేచనాల మందు ఇచ్చినందుకు 4 షిల్లింగుల 6 పెన్నీలు రావాలని దాని అర్థం. అంటే 54 పెన్నీలు. మసాచుసెట్స్‌లో రాసిన పుస్తకమైతే అది 75 సెంట్లు. పెన్సిల్వేనియా పుస్తకమైతే 60 సెంట్లు. న్యూయార్క్ పుస్తకమైతే 56 సెంట్ల పైచిలుకు. ఊరు తేల్చుకోకుండా విలువ కడితే ఎంత తేడా వస్తుందో చూడండి.

డాలర్లలో రాసిన తర్వాతి పుటల్లోనూ పాత షిల్లింగు దాగి ఉంటుంది. న్యూ ఇంగ్లండ్ పుస్తకాల్లో 17, 33, 50 సెంట్ల రుసుములు తరచూ కనిపిస్తే అవి 1, 2, 3 షిల్లింగులే. న్యూయార్క్ వైపు పన్నెండున్నర సెంట్లు ఒక షిల్లింగు.

రెండు కాలాల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మసాచుసెట్స్‌లో 1750కి ముందున్న పాత కాగితపు డబ్బు లెక్కలో 45 షిల్లింగులు ఒక డాలరుకు సమానం. ఓ, టి అక్షరాలు సొమ్ము పక్కన కనిపిస్తే ఆ పాత లెక్క అని అర్థం. బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధ కాలంలో, ముఖ్యంగా 1777 నుంచి 1780 వరకు, రుసుములు ఉన్నట్టుండి ఎన్నో రెట్లు పెరిగితే వైద్యుడు దోచుకుంటున్నాడని అనుకోకండి, కాగితపు డబ్బు విలువ కూలిపోయింది. 1780 మార్చిలో అమెరికా కాంగ్రెసే దాన్ని 40కి 1 చొప్పున లెక్కగట్టింది.

ఇక చెల్లింపులు. బాకీ పద్దులు 'టు' అనే మాటతో, జమ పద్దులు 'బై' అనే మాటతో మొదలవుతాయి. జమ వైపు నాణేల కంటే మొక్కజొన్న, రై ధాన్యం, వెన్న, పంది మాంసం, కట్టెల మోపులు, గడ్డి కోత కూలి, గుర్రానికి లాడాలు, నూలు వడకడం ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని డబ్బుగా మార్చి వదిలేయకుండా వస్తువు, కొలత, ధర మూడూ నమోదు చేయండి. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో ఊరి బతుకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఈ జమ వైపే. అయినా చాలామంది దాన్ని దాటవేసి మందుల వైపు పరుగెడతారు.

ఖాతాకు అడ్డంగా పెద్ద గీత కొట్టి ఉంటే అది తప్పు రాసి కొట్టేయడం కాదు, ఆ ఖాతా చెల్లిపోయింది లేదా వేరే పుటకు ఎక్కింది. కింద 'ప్రపంచం పుట్టినప్పటి నుంచి నేటి వరకు' ఉన్న లెక్కలన్నీ చెల్లాయని రాసి ఇద్దరి సంతకాలు ఉంటే ఆశ్చర్యపోకండి, అది ఆనాటి చెల్లు రాతల్లో వాడుకలో ఉన్న మాటే. ఆ సంతకాలను, నిశానీలను విడిగా గుర్తించి పెట్టుకోండి.

ప్రతి పుట చివర పెన్నీల గడిని కూడి, వైద్యుడు వేసిన మొత్తంతో పోల్చండి. తేడా వస్తే ముందు 1, 7 అంకెలను, తర్వాత 4, 9 అంకెలను మళ్లీ చూడండి. అప్పటికీ కుదరకపోతే ఆయన కూడికే తప్పి ఉండవచ్చు. అప్పుడు ఉన్నది ఉన్నట్లే ఉంచి వ్యాఖ్య గడిలో రాయండి.

## 8. మందులు, తూకాలు

మందుల తూకం మామూలు తూకం కాదు. 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుళ్లు ఒక డ్రామ్, 8 డ్రాములు ఒక ఔన్సు, 12 ఔన్సులు ఒక పౌండు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, ఒక డ్రామ్ సుమారు 3.9 గ్రాములు.

3 అంకెను పోలిన వంకర గుర్తు డ్రామ్. అదే గుర్తుకు పైన మరో మెలిక ఎక్కువ ఉంటే ఔన్సు. ఈ ఒక్క మెలికను చూడకపోతే మోతాదు ఎనిమిదింతలు తేడా వస్తుంది. గుర్తు తర్వాత చిన్న రోమన్ అంకెలు ఉంటాయి, చివరి ఐని జెలా కిందికి లాగుతారు. రెండు ఎస్‌లు ఉంటే సగం.

తరచూ కనిపించేవి ఇవి.

- కాలొమెల్: పాదరసపు క్లోరైడ్, దాదాపు ప్రతి పుటలోనూ ఉంటుంది. జలాప్ వేరుతో కలిపి విరేచనాలకు ఇచ్చేవారు.
- వి, ఎస్ అక్షరాలు: నరం కోసి రక్తం తీయడం.
- 'బార్క్' అని ఊరికే ఉంటే సింకోనా (క్వినైన్ చెట్టు) బెరడు.
- లాడనం, పేరగోరిక్: రెండూ నల్లమందు ద్రావణాలే, రెండోది చాలా పలుచన.
- డోవర్ పొడి: ఇపికాక్ (వాంతి తెప్పించే వేరు), నల్లమందు కలిసినది.
- ఫ్లైస్, వెసిక్: పొక్కులు లేపే పట్టీ. ఈగలతో సంబంధం లేదు, కాంథరిడిస్ పురుగుల పొడి.
- ఇంగువ, కర్పూరం, రేవలచిన్ని, సురేకారం: మన వంటింటికీ నాటు వైద్యానికీ తెలిసినవే.

ఒక చిక్కు ప్రత్యేకంగా చెప్పాలి. 'టార్ట్' అని మాత్రమే ఉంటే అది టార్టార్ ఎమెటిక్ కావచ్చు, క్రీమ్ ఆఫ్ టార్టార్ కావచ్చు. మొదటిది ఆంటిమొనీ ఉన్న ఘాటైన వాంతి మందు, రెండోది తేలికపాటి విరేచనకారి. మోతాదు గ్రెయిన్లలో ఉంటే మొదటిది, డ్రాములు లేదా ఔన్సుల్లో ఉంటే రెండోది అని ఊహించవచ్చు గానీ, అది ఊహేనని వ్యాఖ్యలో రాయండి.

## 9. జబ్బుల పేర్లను నేటి పేర్లకు మార్చకండి

చాలా పద్దుల్లో జబ్బు పేరే ఉండదు. ఉన్నచోట చలిజ్వరం మలేరియా అయ్యే అవకాశం ఎక్కువ, కుళ్లు గొంతునొప్పి డిఫ్తీరియా కావచ్చు లేదా స్కార్లెట్ జ్వరం కావచ్చు. 'కలరా మార్బస్' మాత్రం మనకు తెలిసిన కలరా కాదు, వేసవి వాంతులు, విరేచనాలు. అసలు కలరా అమెరికాలో అడుగుపెట్టింది 1832లో. వైద్యులైన పాఠకులకు రోగనిర్ణయం చేయాలని చెయ్యి దురద పెట్టడం సహజమే, ఆ దురదను వ్యాఖ్య గడికి పరిమితం చేయండి.

ఒక ఏడాది పద్దులు తక్కువగా ఉంటే ఆ ఏడు ఊరు ఆరోగ్యంగా ఉందని తేల్చకండి. వైద్యుడు మంచాన పడి ఉండవచ్చు, వేరే పుస్తకం మొదలుపెట్టి ఉండవచ్చు.

## 10. రోగి ఎవరు, బాకీదారు ఎవరు

ఖాతా ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. భార్య, పిల్లలు, పనివారు పేర్లు లేకుండా 'భార్య', 'పాప', 'కుర్రవాడు' అని మాత్రమే కనిపిస్తారు. బానిసలుగా ఉన్న నల్లజాతివారికి చేసిన వైద్యం కూడా యజమాని ఖాతాలోనే పడుతుంది. వారి పేరు ఎక్కడైనా రాసి ఉంటే దాన్ని సూచికలో విడిగా, తప్పక ఎక్కించండి. 1850, 1860 జనాభా లెక్కల్లోని బానిసల జాబితాల్లో సాధారణంగా పేర్లే లేవు కాబట్టి, ఇలాంటి బాకీ పద్దు ఒక్కటే ఆ మనిషికి మిగిలిన ఆధారం కావచ్చు.

ఖాతా ఊరి పేరు మీద ఉంటే, పేదలకు చేసిన వైద్యానికి ఊరు డబ్బు చెల్లించిందని అర్థం.

పేరు తర్వాత సీనియర్, జూనియర్ అని ఉన్నంత మాత్రాన తండ్రీకొడుకులు కానక్కరలేదు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాడిని, చిన్నవాడిని వేరు చేయడానికీ అలా రాసేవారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

- ఖాతా శీర్షికలో పేరు పక్కన డి, ఆర్ అక్షరాలు చూసి ఆ రైతును కూడా వైద్యుడనుకోవడం. అక్కడ వాటి అర్థం బాకీదారు.
- 'కేత్.' అన్నదాన్ని కేథరిన్ అనే రోగిగా లెక్కించడం. అది విరేచనాల మందు.
- 'డెల్.' అన్నదాన్ని సరుకు అందజేతగా చదవడం. భార్య అనే మాట పక్కన ఉంటే అది కాన్పు.
- ఆవర్జా, చిట్టా రెండూ దొరికినప్పుడు ఒకే పద్దును రెండుసార్లు లెక్కించడం. అంచు అంకెల సాయంతో జతపరచండి.
- బాకీలను ఆదాయంగా కూడటం. జమ వైపు చేరినదే ఆదాయం. మిగిలినది వైద్యుడు పోయేదాకా రాకపోయి ఉండవచ్చు.

## 12. బయటి పత్రాలతో సరిచూడటం

అనుమానం ఉన్న పేర్లను ఆ ఊరి జనన మరణ రిజిస్టర్లతో, 1790 నుంచి పదేళ్లకోసారి జరిగిన జనాభా లెక్కలతో పోల్చండి. 1840 దాకా ఆ లెక్కల్లో ఇంటి యజమాని పేరు మాత్రమే ఉంటుంది, మనకు కావలసింది కూడా సాధారణంగా ఆ పేరే. వైద్యుని వీలునామా, ఆస్తి పంపకం పత్రాలు దొరికితే రాని బాకీల జాబితా వాటిలో ఉండవచ్చు. అందులోని పేర్లు గుమాస్తా చేతిరాతలో ఉంటాయి కాబట్టి వైద్యుని గీతలు చదవడానికి అదొక తాళంచెవి.

అసలు పుస్తకం అందుబాటులో లేనివారు హైదరాబాదులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2018లో ప్రారంభించిన నకళ్ల కార్యక్రమం 'బై ద పీపుల్'లో పాల్గొనవచ్చు. అక్కడ ఒకరు తీసిన నకలును మరొకరు సరిచూస్తారు. సొంతంగా పని చేసేవారు కూడా ఇదే పద్ధతి పాటించి, ప్రతి పుటను రెండో మనిషితో, ముఖ్యంగా అంకెల గడిని బిగ్గరగా చదివిస్తూ, సరిచూపించుకోవాలి.

పూర్తయిన నకలు మొదట్లో ఇవి ఉన్నాయో లేదో చూసి, పుస్తకం ఉన్న సంస్థకు ఒక ప్రతి ఇవ్వండి.

- పుస్తకం ఎక్కడ ఉంది, గ్రంథాలయంలో దాని గుర్తింపు సంఖ్య (కాల్ నంబరు) ఎంత
- ఏ పుట నుంచి ఏ పుట వరకు నకలు తీశారు, ఏవి వదిలారు
- డాలరుకు ఎన్ని షిల్లింగుల లెక్క వాడారు, ఏ ఆధారంతో
- బ్రాకెట్లు, ప్రశ్నార్థకాల అర్థం
- కుదింపుల పట్టిక, వైద్యుని అక్షరమాల బొమ్మతో సహా
- ఎవరు తీశారు, ఎవరు సరిచూశారు, ఏ తేదీన